తప్పు పనిని దిద్దినందుకు మళ్ళీ బిల్లా?

(డిసెంబర్ 24, జాతీయ వినియోగదారుల దినోత్సవం రోజున గుంటూరులోని ఒక శాఖా గ్రంథాలయంలో విశ్రాంత గణిత ఉపాధ్యాయిని ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్న ఈ కాగితం చూడండి. నోటుపుస్తకంలోంచి చింపిన పేజీ. దీని మీద ఐదు వరుసలు రాసి ఉన్నాయి. కింద ఒక గీత, గీత కింద 22,000. ఇది మా ఇంటి బాత్రూమ్ రెండోసారి చేసినందుకు మేస్త్రీ ఇచ్చిన బిల్లు. మొదటిసారి చేసిన పని లీకైంది కాబట్టే రెండోసారి చేయాల్సి వచ్చింది. ఆ రెండోసారికి కూడా డబ్బు నన్నే కట్టమన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ రోజు నాకు బాగా తెలిసింది.

ఈ రోజు ఎందుకు ఇలా కలుసుకున్నామో మీకు తెలుసు. మన దేశపు మొదటి వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది 1986లో ఇదే తేదీన. ఆ చట్టం పోయి 2019 చట్టం వచ్చింది, అది 2020 జూలై 20 నుంచి అమలవుతోంది. వినియోగదారుడు అనగానే మనం కొట్లో కొన్న వస్తువు గురించే ఆలోచిస్తాం. డేటు అయిపోయిన బిస్కెట్ ప్యాకెట్, తూకంలో మోసం, ఇలాంటివి. ఇంటికి వచ్చి పని చేసి వెళ్ళే మేస్త్రీ, ప్లంబరు, ఎలక్ట్రీషియను, ఏసీ మెకానిక్కు దగ్గర కూడా మనం వినియోగదారులమే అన్న సంగతి చాలామందికి తట్టదు. అందుకే నేను ఈ ఒక్క విషయమే మాట్లాడదామని వచ్చాను.

మా ఇంట్లో జరిగింది వివరంగా చెప్తాను, ఎందుకంటే అసలు సంగతి అంతా ఆ వివరాల్లోనే ఉంది.

మాది పాత డాబా. పైన రెండు గదులు, ఒక బాత్రూమ్. పిల్లలు వస్తే ఉంటారని ఆ బాత్రూమ్ బాగు చేయించాలనుకున్నాం. మెటీరియల్‌తో సహా మొత్తం 70,000కి ఒప్పుకున్నాం. వాటర్ ప్రూఫింగ్ కూడా అందులోనే. పని అయ్యాక 62,000 ఇచ్చాను. మిగతా 8,000 కొన్నాళ్ళు చూసి ఇస్తానన్నాను, ఆయన సరేనన్నారు. మూడో నెలలో కింద పడకగది సీలింగు మీద అరచేయంత చెమ్మ కనిపించింది. వారం తిరిగేసరికి అది చేటంత అయింది. సున్నం పెచ్చులుగా ఊడి మంచం మీద పడుతోంది. రాత్రిళ్ళు నాకు ఒకటే టెన్షన్, స్లాబులో ఇనుము తుప్పు పడుతుందేమోనని.

ఫోన్ చేస్తే మేస్త్రీ గారు వచ్చారు. రానివాళ్ళు ఎంతమందో ఉన్నారు, ఆయన వచ్చారు, ఆ మాట ముందే చెప్పాలి. వచ్చి చూసి, "టీచరమ్మగారూ, మీరు యాసిడ్ పోసి కడుగుతున్నారు. టైల్స్ సందుల్లో గ్రౌటు తినేసింది. అందుకే దిగుతోంది" అన్నారు. నిజంగానే రెండుసార్లు యాసిడ్‌తో కడిగించాను. నాకు నోరు పడిపోయింది. తప్పు నాదేనేమో అనుకున్నాను.

ఇక్కడే చాలామంది ఓడిపోతారు. ఒక చిన్న పొరపాటు మనవైపు కనిపించగానే మొత్తం నష్టం మన నెత్తిన వేసుకుంటాం. మా వీధిలో ఒక విశ్రాంత ఇంజనీరు గారు ఉన్నారు. ఆయనకు చెబితే ఒకటే మాట అన్నారు. "అమ్మా, పగలగొట్టడానికి తొందరపడొద్దు. నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో తేల్చాకే గునపం వేయండి. పగలగొట్టాక సాక్ష్యం ముక్కలై బస్తాల్లోకి పోతుంది."

ఆ తర్వాత మేం ఏం చేశామో వినండి. ఇందులో ఖర్చయ్యేది ఏమీ లేదు, ఎవరైనా చేసుకోవచ్చు.

మొదటి రోజు పై బాత్రూమ్‌కి వచ్చే నీళ్ళ వాల్వు రాత్రి కట్టేసి పొద్దున దాకా వాడలేదు. గోడలో ఉన్న నీళ్ళ పైపు పగిలి ఉంటే దానిలో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి రాత్రీ పగలూ కారుతూనే ఉంటుంది. వాల్వు కడితే తగ్గాలి. మళ్ళీ తెరిచి, ఎవరూ స్నానం చేయకుండా ఇంకో రోజంతా చూశాం. కొత్తగా చెమ్మ రాలేదు. అంటే పైపు బాగానే ఉంది. స్నానం చేస్తేనే దిగుతోంది.

మూడో రోజు వంటల్లో వేసే ఎర్ర రంగు రెండు బకెట్ల నీళ్ళలో కలిపాం. ఒక రబ్బరు గొట్టంతో ఆ నీళ్ళను తిన్నగా జాలీ లోపలికే పోశాం, నేల మీద చుక్క పడకుండా. సాయంత్రం దాకా చూస్తే కింద రంగు కనపడలేదు. అంటే బయటికి పోయే డ్రైనేజీ పైపు కూడా బాగానే ఉంది.

నాలుగో రోజు జాలీ నోటిని ప్లాస్టిక్ సంచీలో ఇసుక పోసి మూసేసి, నేల మీద రెండు అంగుళాల ఎత్తున రంగు నీళ్ళు నిలబెట్టాం. గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాం. అసలు వాటర్ ప్రూఫింగ్ చేసిన ఎవరైనా టైల్స్ వేయకముందే ఈ పరీక్ష చేయాలి. నీళ్ళు ఒక రోజో రెండు రోజులో నిలబెట్టి, కింద చెమ్మ రాలేదని చూసుకుని, అప్పుడు పైన పని మొదలుపెట్టాలి. మా ఇంట్లో అది చేయలేదు. పొద్దున తొమ్మిదికి నీళ్ళు నిలబెడితే మధ్యాహ్నం మూడింటికి కింద సీలింగు మీద, సరిగ్గా పైపు దిగే చోట, ఒక చుక్క వేలాడింది. లేత ఎరుపు చుక్క. స్టూలు మీద నిలబడి వేలితో తుడిచి చూశాను. వేలికి రంగు అంటింది.

మేస్త్రీ గారికి ఫోటో పంపాం. మర్నాడు ఇద్దరు మనుషుల్ని తీసుకొచ్చి పగలగొట్టారు. ఇంజనీరు గారు, నేను, మేస్త్రీ గారు ముగ్గురం అక్కడే ఉన్నాం. టైలు లేచింది, కింద సిమెంటు లేచింది, దాని కింద నింపిన ఇటుక ముక్కలు తడిసి ముద్దయి ఉన్నాయి. అవి తీసేశాక స్లాబు మీద నల్లటి కోటింగు కనిపించింది. గోడల మొదట్లో బాగానే ఉంది, మూలల్లో గుండ్రంగా తిప్పి చక్కగా వేశారు. కానీ జాలీ కింద ఉండే ట్రాపు దగ్గరకు వచ్చేసరికి రెండు అంగుళాల ముందే ఆగిపోయింది. ట్రాపు చుట్టూ ఉత్త సిమెంటు కూరి ఉంది. ఇంజనీరు గారు చూపుడు వేలు పెట్టి నొక్కితే అది పిండిలా రాలింది.

టేపు పక్కన పెట్టి ఫోటోలు తీశాం. ఆ రోజు పేపరు కూడా ఫోటోలో పడేట్టు పెట్టాం.

యాసిడ్ సంగతి అక్కడే తేలిపోయింది. యాసిడ్‌కి గ్రౌటు పోయే మాట నిజమే. గ్రౌటు పోతే టైల్స్ సందుల్లోంచి నీళ్ళు కిందికి దిగుతాయి. కానీ నీళ్ళను ఆపాల్సింది గ్రౌటు కాదు, దాని కింద ఉన్న కోటింగు. టైల్స్ దాటి దిగిన నీళ్ళను పట్టి ఆపడానికే కదా వాటర్ ప్రూఫింగ్ అని డబ్బు తీసుకున్నది. ఆ పొర ట్రాపు దాకా వచ్చి ఉంటే, నేను యాసిడ్ పోసినా పోయకపోయినా కింద గదిలో చుక్క పడేది కాదు.

మేస్త్రీ గారు మాట్లాడలేదు. మూడు రోజుల్లో మళ్ళీ అంతా చేశారు. ఈసారి నీళ్ళు నిలబెట్టి రెండు రోజులు చూశాకే టైల్స్ వేశారు. పనితనం ఎంత బాగుందంటే రసమట్టం పెట్టి చూసినా వాటంలో వంక పెట్టలేం. ఆఖరి రోజు చేతులు కడుక్కుని ఈ కాగితం నా చేతిలో పెట్టారు. పగలగొట్టి ముక్కలు మోసినందుకు 3,500. కెమికల్, సిమెంటు, ఇసుక 5,500. టైల్స్ 3,600. లేబరు 7,200. సబ్బులూ షాంపూలూ పెట్టుకునే గ్రానైటు అర 2,200. మొత్తం 22,000.

పని మొదలుపెట్టే ముందు "దీనికి డబ్బు ఎవరిది?" అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. తన తప్పే కాబట్టి ఊరికే చేస్తున్నారని నేను అనుకున్నాను. పిలిచింది ఆమే కాబట్టి ఇస్తుందని ఆయన అనుకున్నారు. ఆ ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే ఆ సాయంత్రం మా వరండాలో అంత గొడవ జరిగేది కాదు. మీరు మాత్రం ఇది మర్చిపోకండి, అడిగాకే గునపం పట్టనివ్వండి.

చట్టం ఏమంటుందో చెప్తాను. మన దేశంలో భారత కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో 73వ సెక్షను ఒప్పందం తప్పితే వచ్చే నష్టం గురించి. ఆ సెక్షను కింద కొన్ని ఉదాహరణలు ఇచ్చారు. వాటిలో ఒకటి చదివినప్పుడు నాకు మా బాత్రూమే కళ్ళముందు కనపడింది. ఒకతను ఇంకొకరి ఇల్లు ఫలానా విధంగా బాగు చేస్తానని ఒప్పుకుని డబ్బు ముందే తీసుకున్నాడు. బాగు చేశాడు కానీ ఒప్పుకున్నట్టు చేయలేదు. అలాంటప్పుడు ఆ పనిని ఒప్పందం ప్రకారం సరిచేయించడానికి అయ్యే ఖర్చు ఇంటివాళ్ళు అతని దగ్గర రాబట్టుకోవచ్చు. ఉదాహరణ అంతే. నూట యాభై ఏళ్ళు దాటిన చట్టం ఇది. ఇంకొకరితో చేయించిన ఖర్చే అతను ఇవ్వాల్సి ఉంటే, తనే దిద్దినప్పుడు ఆ ఖర్చు మన దగ్గర ఎలా అడుగుతాడు?

అయితే అదే న్యాయం రెండోవైపు కూడా చూడాలి. ఆ రాత్రి కూర్చుని నేను ఈ ఐదు వరుసల పక్కన పెన్సిల్‌తో ఒక్కో ప్రశ్న రాసుకున్నాను. ఈ ఖర్చు మొదటి పనిలో లోపం వల్ల వచ్చిందా, లేక నాకు కొత్తగా వచ్చిన లాభమా అని. పగలగొట్టడం, మోయడం లోపం వల్లే. కెమికల్, సిమెంటు కూడా అంతే. టైల్స్ కూడా అంతే, ఎందుకంటే పాతవి పగలకుండా రావు, వేసినవి అదే ధరవి. లేబరు కూడా అదే. గ్రానైటు అర మాత్రం వేరు. మొదటి పనిలో అది లేదు. పని జరుగుతుంటే నేనే "ఎలాగూ చేస్తున్నారు కదా, ఆ మూల ఒక అర పెట్టండి" అన్నాను. అది నేను ఇవ్వాల్సిందే.

ఇక మొదటి ఒప్పందంలో నేను ఆపిన 8,000. ఇప్పుడు పని ఒప్పుకున్నట్టు అయింది కాబట్టి ఆ డబ్బు ఆపే హక్కు నాకు లేదు. కొందరు అంటారు, నాకు పడ్డ ఇబ్బందికి అది జమ చేసుకుంటానని. సీలింగుకు మళ్ళీ సున్నం వేయించిన ఖర్చు లాంటిది ఉంటే లెక్క రాసి అడగండి, తప్పు లేదు. లెక్క చెప్పకుండా డబ్బు దిగమింగడం మాత్రం నేను ఒప్పుకోను. నేను 8,000, 2,200 కలిపి 10,200 ఇస్తానని, మిగతా 19,800 ఎందుకు ఇవ్వనో ఒక్కో వరుసకు కారణం రాసి, ఫోటోలతో కలిపి ఆయనకు వాట్సాప్‌లో పంపాను.

రెండు రోజులు ఆయన ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు పొద్దున్నే వచ్చి మా మెట్ల మీద కూర్చున్నారు. టీ ఇచ్చాను. చాలాసేపు గ్లాసు వైపే చూస్తూ ఉండి, అప్పుడు చెప్పారు. ట్రాపు చుట్టూ కోటింగు వేసిన రోజు ఆయన ఇంకో సైటులో ఉన్నారట. కొత్తగా చేరిన కుర్రాడు వేశాడట. రెండోసారి పనికి వచ్చిన ఇద్దరికీ కూలీ తన జేబులోంచే ఇచ్చారట. "ఆ రోజు నేను ఒక్క గంట ఇక్కడ ఉంటే సరిపోయేది టీచరమ్మగారూ" అన్నారు. నాకు చాలా బాధ వేసింది. ఆ కుర్రాడి మీదా ఆయన మీదా నాకు కోపం లేదు. కానీ మనం ఒప్పందం చేసుకున్నది ఆయనతో, కుర్రాడిని పెట్టుకున్నది ఆయన. ఆ నష్టం నా దగ్గరికి రావడం న్యాయం కాదు. అదే చెప్పాను. 10,200 తీసుకుని, ఈ కాగితం మీదే "లెక్క సరిపోయింది" అని రాసి సంతకం పెట్టారు. ఇదిగో, ఇక్కడ.

కూలీ మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. మేస్త్రీతో తగాదా ఉంటే ఆ రోజు పనికి వచ్చిన కూలీల డబ్బు ఆపకండి. వాళ్ళకు మన ఒప్పందంతో సంబంధం లేదు. పనిముట్లు లాక్కోవడం కూడా చూస్తుంటాను. తాపీ, కటింగ్ మిషను ఇంట్లో పెట్టి తాళం వేస్తారు. అవి అతని అన్నం. అలా చేస్తే అప్పటిదాకా మన పక్కన ఉన్న న్యాయం అవతలికి పోతుంది, కేసు మన మీదే పడొచ్చు కూడా.

ఇప్పుడు మీకు ఉపయోగపడే మాట. లోపం కనిపించగానే ఫోన్లో అరవకండి. మెసేజ్ పెట్టండి. నేను అందరికీ రాసిచ్చే మెసేజ్ ఇది, కావాలంటే రాసుకోండి: "ఫలానా తేదీన మీరు పూర్తి చేసిన పనిలో ఫలానా చోట లీకు వస్తోంది. ఫోటోలు పంపుతున్నాను. ఏడు రోజుల్లోగా వచ్చి చూసి, కారణం చెప్పి, సరిచేయండి. మొదటి పనిలో లోపం ఉందని తేలితే దిద్దినందుకు విడిగా డబ్బు ఇవ్వను. కారణం వేరే అని మీరు అనుకుంటే, పని మొదలుపెట్టే ముందే ఆ కారణం, ఖర్చు రాసి పంపండి." ఇంతే. ఇందులో తిట్టు లేదు, బెదిరింపు లేదు. అతనికి దిద్దే అవకాశం ఇచ్చాం, మన మాట ముందే చెప్పాం.

అవకాశం ఇవ్వడం ఎందుకంటే, చెప్పకుండా వేరే మేస్త్రీని పిలిచి 40,000కి పగలగొట్టించి, ఆ బిల్లు మొదటివాడికి పంపితే, "నన్ను పిలిస్తే 10,000తో అయ్యేది కదా" అంటాడు. ఆ మాటకు విలువ ఉంటుంది. ఇందాక చెప్పిన 73వ సెక్షనులోనే, నష్టాన్ని తగ్గించుకునే దారులు మనకు ఏమున్నాయో కూడా లెక్కలోకి తీసుకోవాలని వివరణ ఉంది. రానంటే, వచ్చినా కుదరదంటే, ఇద్దరి దగ్గర కొటేషన్లు తీసుకోండి, మొదటివాడికి పంపండి, మామూలు రకంలో చేయించండి. పాత టైల్ 60 రూపాయలదైతే 150ది వేయించి ఆ తేడా అతన్ని అడగకండి.

ఆగలేని పనులు ఉంటాయి. నీళ్ళు స్విచ్ బోర్డు మీద కారుతుంటే ఏడు రోజుల గడువు ఏమిటి? మెయిన్ ఆపేసి, వీడియో తీసి, ఎవరు దొరికితే వాళ్ళతో వెంటనే బాగు చేయించండి. ప్రాణం ముందు.

డబ్బు ఇప్పటికే ఇచ్చేశాం, ఇప్పుడేం చేయాలని అడుగుతారు. ఇచ్చినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే రసీదు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాయండి. ఫోన్ పే, గూగుల్ పే చేస్తే కింద రాసే చోట ఆ మాటే టైపు చేయండి. బిల్లు అడగండి. చేసిన సేవకు బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార విధానమే.

మాటలతో తెగకపోతే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మనం చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మనం ఉండే ఊరి కమిషన్‌లోనే వేయొచ్చు, అవతలివాళ్ళ ఊరికి వెళ్ళక్కర్లేదు. లాయరు తప్పనిసరి కాదు. లోపం బయటపడినప్పటి నుంచి రెండేళ్ళలోపు వేయాలి, ఈ గడువు మాత్రం గుర్తుంచుకోండి. ఇల్లు కట్టే పని సేవ కిందికి వస్తుందా అన్న అనుమానం పాతరోజుల్లోనే తీరిపోయింది. లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 1993 నవంబరులో ఇల్లు కట్టడం కూడా సేవేనని తీర్పు చెప్పింది. ఇప్పుడు చట్టంలోనే ఆ మాట ఉంది.

ఒక తేడా మాత్రం ఉంది. పని మొత్తం ఇంతకు చేస్తానని ఒప్పుకున్న మేస్త్రీ వేరు, రోజు కూలీకి పిలిచి మనమే పక్కన నిలబడి ఇలా చెయ్యి అలా చెయ్యి అని చెప్పి చేయించుకున్న మనిషి వేరు. రెండో రకం యజమాని, పనివాడి సంబంధం లాంటిది. దాన్ని కమిషన్ దాకా తీసుకెళ్ళడం కష్టం, న్యాయం కూడా కాదు. మెటీరియల్ మనమే చవక రకం తెచ్చి, "దీంతోనే చెయ్యి" అని ఉంటే, పాడైన తర్వాత అతన్ని అనడానికి ఏమీ ఉండదు. అలాంటప్పుడు ఖర్చు మనదే.

ఇక మీ ప్రశ్నలు.

(ఏసీ గ్యాస్ ప్రతి వేసవికీ నింపించాల్సి వస్తోందని, ప్రతిసారీ డబ్బు తీసుకుంటున్నారని ఒకరు అడిగారు.)

మంచి ప్రశ్న అడిగారు బాబూ. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చైపోయేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లోపలి, బయటి యూనిట్లను కలిపే రాగి గొట్టాల నట్ల దగ్గర ఎక్కువగా వస్తుంది. లీకు వెతక్కుండా గ్యాస్ నింపి వెళ్ళడమంటే కుండ చిల్లు పూడ్చకుండా నీళ్ళు పోయడమే. పోయిన ఏడాది బిల్లు మీద ఏమని ఉందో చూడండి. "లీకు సరిచేసి గ్యాస్ నింపాం" అని ఉంటే, మళ్ళీ అదే చోట పోయిందంటే దిద్దే ఖర్చు వాళ్ళదే. ఉత్త "గ్యాస్ ఫిల్లింగ్" అని ఉంటే, ఈసారి నైట్రోజన్ ఎక్కించి లీకు ఎక్కడుందో చూపించాకే గ్యాస్ పెట్టమనండి. ఏ నట్టు, ఏ జాయింటు అన్నది జాబ్ కార్డు మీద రాయించుకోండి.

(కొన్న ఫ్లాట్‌లో బాల్కనీ వైపు గోడ నుంచి వాన నీరు వస్తోందని, బిల్డరు బాగు చేయడానికి 35,000 అడుగుతున్నాడని ఇంకొకరు చెప్పారు.)

అమ్మా, మీ ప్రాజెక్టు రెరాలో, అంటే బిల్డర్ల మీద నిఘా పెట్టే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, రిజిస్టరైందా? అయితే 2016 రెరా చట్టం 14వ సెక్షను చూడండి. ఫ్లాటు చేతికిచ్చిన రోజు నుంచి ఐదేళ్ళలోపు కట్టడంలో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ లోపం బయటపడి మీరు చెబితే, 30 రోజుల్లో బిల్డరు దాన్ని సరిచేయాలి. అదీ విడిగా పైసా తీసుకోకుండా. ఆ మాట చట్టంలోనే ఉంది. చేయకపోతే పరిహారం అడగొచ్చు. మీరు ఆ 35,000 ఇవ్వొద్దు. ముందు పొసెషన్ లెటరు తీసి తేదీ చూడండి... ఎంత అయింది? నాలుగేళ్ళ ఎనిమిది నెలలా? అయితే ఈ వారంలోనే బిల్డరుకు స్పీడ్ పోస్టులో రాయండి. లోపం ఎప్పుడు చూశారో, ఎక్కడ ఉందో, ఫోటోలు పెట్టి రాయండి. పోస్టాఫీసు రసీదు దాచుకోండి. పొసెషన్ లెటరు జిరాక్సు ఉంటే ఇప్పుడే ఇలా తీసుకురండి, ఆ ఉత్తరం ఇక్కడే కూర్చుని రాద్దాం.